బుషింగులో తడి, ట్యాంకులో మంట: ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పేలుతుంది, ఎక్కడ ఆపొచ్చు

మన ఊళ్లలో ఢామ్మని చప్పుడై కరెంటు పోతే చాలు, "ట్రాన్స్‌ఫార్మర్ పేలింది" అనేస్తాం. చాలాసార్లు పోయేది స్తంభం మీదుండే హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజే. లైన్‌మన్ వస్తాడు, ఏబీ స్విచ్ (లైనును విడదీసే స్విచ్) తీస్తాడు, కొత్త ఫ్యూజు వైరు కట్టి మళ్లీ స్విచ్ వేస్తాడు, ఫ్యాన్లు తిరుగుతాయి. ఈ పొరపాటు మనమొక్కళ్లమే చేయం. 2018 డిసెంబరు 27 రాత్రి న్యూయార్క్ ఆకాశం ఉన్నట్టుండి నీలంగా వెలిగిపోయింది. క్వీన్స్‌లోని ఆస్టోరియా సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని సోషల్ మీడియా అంతా గోలెత్తింది. తీరా చూస్తే అది 138 కేవీ పరికరాల దగ్గర గాల్లో లేచిన ఆర్క్. చూడ్డానికి భయమేసినా, అదొక పెద్ద మెరుపు, అంతే.

నిజంగా ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఎలా ఉంటుందో 2025 మార్చి 20 రాత్రి లండన్ చూసింది. నగరానికి పశ్చిమాన నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో 11 గంటల 21 నిమిషాలకు ఒక 275 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయి అంటుకుంది. అరగంట తిరక్కుండానే ఆ మంట దెబ్బకు పక్కనున్న ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కూడా ట్రిప్ అయింది. దాదాపు 67 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది. హీత్రూ విమానాశ్రయం మర్నాడు సాయంత్రం దాకా తెరుచుకోలేదు. 2 లక్షల 70 వేల మందికి పైగా ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుపోయారు.

బ్రిటన్ గ్రిడ్‌ను నడిపే నీసో అనే సంస్థ ఆ జులైలో తుది నివేదిక ఇచ్చింది. ఆ రాత్రి మంట సంగతి కంటే ఏడేళ్ల కిందటి ఒక నూనె పరీక్ష సంగతే అందులో నన్ను ఆపేసింది. 2018 జులైలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ బుషింగు (కరెంటును ట్యాంకులోకి దింపే పింగాణీ గొట్టం) నుంచి తీసిన నూనె శాంపిల్‌లో తేమ ఎక్కువగా కనిపించింది. ఆ స్థాయిలో తేమ ఉందంటే ఫాల్ట్ ముంచుకొస్తున్నట్టే లెక్క, బుషింగు మార్చేయాలి అని ఆ సబ్‌స్టేషన్‌ను చూసుకునే కంపెనీ సొంత మార్గదర్శకాలే చెబుతున్నాయి. మార్చలేదు. 2022లో చేయాల్సిన మెయింటెనెన్స్ కూడా వాయిదా పడింది. చివరికి ఆ బుషింగే పోయింది. చాలావరకు తేమ వల్లే అయ్యుంటుందని నివేదిక తేల్చింది.

అంటే ఈ ప్రమాదంలో మూడు రకాల కాలం ఉంది. జబ్బు ముదరడానికి ఏళ్లు పట్టింది. ట్యాంకు పగలడం మిల్లీసెకన్ల పని. మంట గంటల తరబడి కాలింది. ట్రాన్స్‌ఫార్మర్ రక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడింటినీ కలిపేస్తాం, అక్కడే గందరగోళం మొదలవుతుంది. మంటను ఆర్పే పరికరం పేలుడును ఆపలేదు. పేలుడును ఆపాల్సిన రిలేకి, అంటే ఫాల్టును పసిగట్టి కరెంటు ఆపించే పరికరానికి, తేమ సంగతి తెలీదు.

అసలు అంత నూనె ఎందుకు

పొలం గట్టు మీదుండే 25 కేవీఏ డీటీఆర్‌లో (చిన్న డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో) నూనె వంద లీటర్ల లోపే. 400 కేవీ సబ్‌స్టేషన్‌లో ఉండే 315 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో డెబ్భై ఎనభై వేల లీటర్ల దాకా ఉంటుంది. అంటే నాలుగు పెద్ద పెట్రోలు ట్యాంకర్లు ఒకేచోట నిలబెట్టి, వాటి మధ్యలోంచి లక్షల వోల్టులు పంపినట్టు. తెలిసి తెలిసి ఎవరైనా ఇలా చేస్తారా?

చేయక తప్పదు. లోపల రాగి చుట్లకు కాగితం చుట్టి ఉంటుంది. ఆ కాగితం నూనెలో నానితేనే అంత వోల్టేజీకి తట్టుకుంటుంది. చుట్లలో పుట్టే వేడిని రేడియేటర్ల దాకా మోసుకెళ్లేది కూడా ఆ నూనే. ఇన్సులేషన్, కూలింగ్ రెండు పనులూ ఒకే సరుకు ఇంత చవగ్గా చేయడం వల్లే వందేళ్లు దాటినా మినరల్ ఆయిల్ కదల్లేదు. దీని ఫ్లాష్ పాయింట్ సుమారు 140 డిగ్రీలు. నిప్పు తగిలితే ఆవిరి భగ్గుమనే వేడి అది. మామూలు రోజుల్లో నూనె అంత వేడెక్కదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ట్యాంకు లోపల ఎంత వేడెక్కినా, నిప్పురవ్వలు లేచినా మంట రాదు. మంటకు గాలి కావాలి. నిండా నూనె ఉన్న ట్యాంకులో గాలెక్కడిది? ట్యాంకు పగిలినప్పుడో, బుషింగు విరిగి పైన బెజ్జం పడినప్పుడో వేడి నూనె, మండే వాయువులు, గాలి ఒక్కసారిగా కలుస్తాయి. ట్యాంకు పగలకుండా ఆపగలిగితే మంట సంగతి దాదాపు తేలిపోయినట్టే. మొత్తం కథకు కీలు అక్కడుంది.

ముప్పావు కిలో టీఎన్‌టీ

ట్యాంకు ఎందుకు పగులుతుంది? లోపల ఇన్సులేషన్ ఎక్కడో చిరిగి ఆర్క్ లేస్తుంది. కొన్ని వేల డిగ్రీల వేడి. ఆ వేడికి చుట్టూ ఉన్న నూనె కాలదు, విరిగిపోతుంది. హైడ్రోజన్, అసిటిలీన్, మీథేన్, ఇథిలీన్ వాయువులుగా మారిపోతుంది. వెల్డింగ్ షాపులో సిలిండర్లో ఉండేది కూడా అసిటిలీనే. లీటరు నూనె విరిగితే అంతకు ఎన్నో రెట్ల వాయువు పుడుతుంది. నూనెను నొక్కితే నలిగేది కాదు. కాబట్టి ఆ బుడగ తోసిన తోపు అంతా గోడల మీదకే వెళుతుంది. ఒత్తిడి తరంగం నూనెలో సెకనుకు సుమారు 1,200 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది.

కాగితం మీద చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. ఆర్క్ మీద 2 వేల వోల్టులు, అందులో 20 వేల ఆంపియర్లు అనుకోండి. 40 మెగావాట్లు. బ్రేకర్ (కరెంటును తెంచే పెద్ద స్విచ్) పడిపోవడానికి 80 మిల్లీసెకన్లు, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో నాలుగు సైకిళ్లు పట్టిందనుకోండి. 3.2 మెగాజౌళ్లు. దాదాపు ముప్పావు కిలో టీఎన్‌టీలో ఉండేంత శక్తి. మూసి ఉన్న ఇనప డబ్బాలో, ఒక మూల.

అందుకే మొదటి రక్షణ ఎప్పుడూ బ్రేకరే. లోపలికి వెళ్లిన కరెంటును, బయటికొచ్చిన కరెంటును పోల్చుకుంటూ కూర్చునే డిఫరెన్షియల్ రిలే, తేడా కనిపించగానే రెండు వైపులా బ్రేకర్లను పడేస్తుంది. ఎంత త్వరగా పడితే ట్యాంకులోకి అంత తక్కువ శక్తి వెళుతుంది. కానీ రిలేకి కొన్ని మిల్లీసెకన్లు, బ్రేకర్ కాంటాక్టులు విడిపోవడానికి ఇంకొన్ని తప్పవు. ఆ 60, 80 మిల్లీసెకన్లలో జరగాల్సింది జరిగిపోవచ్చు.

ఇక్కడే ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ మీద మనకుండే నమ్మకాన్ని కాస్త తగ్గించుకోవాలి. ట్యాంకు మూత మీద స్ప్రింగుతో బిగించిన పళ్లెంలాంటి వాల్వ్ అది. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుంటుంది, మధ్యలో ఒక రంగు పిన్ను పైకి లేచి నిలబడుతుంది, కింద నుంచి చూసినా కనిపిస్తుంది. మెల్లగా పెరిగే ఒత్తిడికి ఇది బాగా పనికొస్తుంది. ఆర్క్ పుట్టించే ఒత్తిడి మాత్రం ఎక్కడ పుట్టిందో అక్కడి గోడనే ముందు కొడుతుంది. ఆ తరంగం మూత దాకా చేరి, వాల్వ్ తెరుచుకుని, జానెడు వెడల్పున్న బెజ్జంలోంచి నూనె బయటికెళ్లే లోపు గోడ అతుకు విడిపోయి ఉండొచ్చు. కుక్కర్ విజిల్ అన్నం ఉడుకుతుంటే పనిచేస్తుంది. కుక్కర్లో టపాసు పేలిస్తే ఏం చేస్తుంది?

ఈ లోటు పూడ్చడానికే వేగంగా ఒత్తిడి దించే వ్యవస్థలు వచ్చాయి. ట్యాంకు గోడకు వెడల్పాటి గొట్టం పెట్టి, దాని మూతికి పల్చటి లోహపు బిళ్ల బిగిస్తారు. ఒత్తిడి తరంగం తాకగానే బిళ్ల చిరుగుతుంది, నూనె, వాయువులు వేరే తొట్టిలోకి పోతాయి. ఆలోచన చక్కనిదే. ఒక మోస్తరు ఆర్క్‌కి నిజంగానే ఉపయోగం ఉంటుంది. ఆర్క్ బిళ్లకు దూరంగా బుషింగు మెడలోనో, కేబుల్ బాక్సులోనో లేస్తే మాత్రం అదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది. ప్రతి పేలుడునీ ఆపేస్తామన్న ప్రచారాన్ని నేనైతే పూర్తిగా నమ్మను.

దీనికంటే నాకు నచ్చిన ఆలోచన ఇంకోటుంది, పైగా చవక. పగలక తప్పనప్పుడు ఎక్కడ పగలాలో మనమే నిర్ణయించడం. ట్యాంకు గోడలు కాస్త ఉబ్బేలా, కింది అతుకులు గట్టిగా, మూత దగ్గర అతుకు ముందు విడిపోయేలా డిజైన్ చేస్తారు. పైన పగిలితే పోయేది పై నూనె మాత్రమే. అడుగున పగిలితే ట్యాంకంతా ఖాళీ అయి నేల మీద మంటల చెరువు అవుతుంది. గోడ ఉబ్బిన మేరకు ఒత్తిడి కూడా తగ్గుతుంది.

నూనె మింగే బుడగలు

మెల్లగా ముదిరే ఫాల్టులకు ఇంతకంటే మంచి కాపలాదారు ఉన్నాడు. వయసు వందేళ్ల పైనే. 1921లో జర్మనీలో మాక్స్ బుకోల్జ్ కనిపెట్టిన రిలే ఇప్పటికీ ప్రపంచమంతటా ఆయన పేరుతోనే నడుస్తోంది. మెయిన్ ట్యాంకు నుంచి పైన అడ్డంగా ఉండే చిన్న పీపాకి, అంటే కన్సర్వేటర్‌కి, వెళ్లే గొట్టం మధ్యలో దీన్ని పెడతారు. లోపల రెండు బెండ్లు తేలుతుంటాయి. చిన్న ఫాల్టు ఉంటే వాయువు బుడగలు బుడగలుగా పైకొచ్చి రిలే నెత్తిన చేరుతుంది, నూనె మట్టం తగ్గుతుంది, పై బెండు దిగి అలారం మోగిస్తుంది. పెద్ద ఫాల్టయితే నూనె ఒక్కసారిగా ఎగదన్ని కింది బెండును తోసేస్తుంది, బ్రేకర్ పడిపోతుంది.

రిలేకి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి చేరిన గ్యాసు ఎంతో చూడొచ్చు. పాతకాలపు ఇంజనీర్లు పైన కుళాయి తిప్పి ఆ గ్యాసును పట్టి అగ్గిపుల్ల చూపించేవాళ్లు. అంటుకోకపోతే గాలి, ఫరవాలేదు. అంటుకుంటే లోపల నూనె విరుగుతోందన్నమాట. ఇప్పుడు ల్యాబుకి పంపుతున్నారు, అదే మంచిది.

ఈ రిలేకి ఉన్న పెద్ద శత్రువు మన తొందర. రాత్రి ఎనిమిదింటికి ట్రిప్ అయిందనుకోండి. నాలుగు ఫీడర్లు పోయాయి. ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

"సార్, బుకోల్జ్ మీద ట్రిప్ అయింది."

"ఒకసారి వేసి చూడవయ్యా, నిలబడుతుందేమో."

ఆ ఒక్కసారి వేసి చూడడంలోనే ప్రమాదం ఉంది. లైను మీద చెట్టుకొమ్మ పడి ట్రిప్ అయితే మళ్లీ వేసి చూడొచ్చు, కొమ్మ జారిపోయి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల చిరిగిన కాగితం తనంతట తాను అతుక్కోదు. పైగా మొదటి ఫాల్టుకి పుట్టిన హైడ్రోజన్, అసిటిలీన్ అక్కడే కాచుకుని ఉంటాయి. బుకోల్జ్, డిఫరెన్షియల్, పీఆర్వీ (ప్రెజర్ రిలీఫ్ వాల్వ్), వీటిలో ఏది పడినా పరీక్షలు చేయకుండా ఛార్జ్ చేయకూడదని ప్రతి మాన్యువల్లో ఉంటుంది. ఆ పేజీ మీద ఫోన్ల ఒత్తిడి గెలిచిన రోజే టెన్షన్ పడాలి.

ఇంకో బలహీనత గది లోపల ఉంటుంది. రిలే ఎంత తెలివైనదైనా, బ్రేకర్‌ను తెరిచే ట్రిప్ కాయిల్ పనిచేయాలంటే డీసీ కావాలి. అది బ్యాటరీ గదిలోంచి వస్తుంది. ఫాల్టు వేళ ఏసీ ఉంటుందన్న భరోసా లేదు కాబట్టే ఈ ఏర్పాటు. వరసగా పేర్చిన సెల్లులు, టెర్మినళ్లకు తెల్లగా పట్టిన పొడి, ఎప్పుడు పోశారో తెలియని డిస్టిల్డ్ వాటర్, మూల ఒక ఛార్జర్. ఆ గది సందర్శకులకు ఎవరూ చూపించరు. డీసీ లేకపోతే దగ్గరి బ్రేకర్ పడదు, అవతలి సబ్‌స్టేషన్‌లోని బ్యాకప్ రిలే చూసుకోవాలి, అది కావాలనే ఆగి పడుతుంది. 80 మిల్లీసెకన్లు కాస్తా అర సెకనైతే ఇందాకటి లెక్కలో ముప్పావు కిలో కాస్తా ఐదు కిలోలకు దగ్గరవుతుంది. కోట్ల విలువైన ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం కొన్ని వేల రూపాయల సెల్లుల చేతిలో ఉంటుంది.

అంటుకున్నాక

ఇక మంట. మన దేశంలో సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనలు 2010లోనే దీని గురించి స్పష్టంగా రాశాయి. 10 ఎంవీఏ, ఆపైన ఉన్నవాటికి, లేదా 2,000 లీటర్లకు మించి నూనె ఉన్నవాటికి మంటలార్పే వ్యవస్థ ఉండాలి. నీళ్ల స్ప్రే అయినా సరే, నైట్రోజన్ ఇంజెక్షన్ అయినా సరే. నూనె 2,000 లీటర్లు దాటితే కింద సోక్ పిట్ (కారిన నూనె దిగే గొయ్యి), పక్కపక్కన ఉన్నవాటి మధ్య నాలుగు గంటలు మంటకు ఓర్చే అడ్డుగోడ.

నీళ్ల స్ప్రే అంటే ఫైరింజను పైపు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పంజరంలా పైపులు, వాటికి నాజిళ్లు. వేడికి గాజు బల్బు పగలగానే డెల్యూజ్ వాల్వ్ తెరుచుకుని చదరపు మీటరుకు నిమిషానికి పది లీటర్లకు పైగా నీళ్లు వేగంగా కొడతాయి. నూనె మంట మీద నీళ్లు పోయొద్దంటారు కదా? బకెట్‌తో పోస్తే నిజమే. ఇంత వేగంగా, సన్నటి తుంపరగా కొడితే నూనె పైపొర నీటితో కలిసి పాలలాంటి ఎమల్షన్ అవుతుంది. అది మండదు. పెద్ద ట్యాంకు, పంపులు, డీజిల్ ఇంజను అన్నీ కావాలి కాబట్టి ఖర్చెక్కువ, పోషణ ఇంకా ఎక్కువ.

నైట్రోజన్ పద్ధతి మన సబ్‌స్టేషన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పక్కన ఎర్రటి బీరువాలాంటి క్యాబినెట్, అందులో సిలిండరు. రిలే పడింది, బ్రేకర్ తెరుచుకుంది, వేడి సెన్సారు కూడా అవునంది, ఇలా ఒకటికి రెండు సాక్ష్యాలు దొరికాకే అది కదులుతుంది. ముందు ట్యాంకు పైభాగం నుంచి కొంత నూనె పిట్‌లోకి వదిలేస్తుంది. అప్పుడు నూనె మట్టం మూత కిందకు దిగుతుంది, పగిలిన చోటు నుంచి పొంగి కారడం ఆగుతుంది. తర్వాత అడుగు నుంచి నైట్రోజన్ వదులుతుంది. కుండలో పప్పును అడుగు నుంచి తిప్పినట్టు, కింది చల్లటి నూనె పైకి వస్తుంది, మండే పైపొర చల్లబడుతుంది. ఈలోగా కన్సర్వేటర్ గొట్టంలోని వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. చిన్నదే అయినా ఈ వాల్వ్ చాలా ముఖ్యం. అది లేకపోతే పైనున్న పీపాలోని నూనె అంతా దిగి మంటకు వంటగ్యాస్ పైపులా అందుతూనే ఉంటుంది.

సోక్ పిట్‌ని మాత్రం దగ్గరగా చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింద పరిచిన కంకర అలంకారానికి కాదు. మండుతున్న నూనె రాళ్ల సందుల్లోంచి కిందికి జారుతుంది, రాళ్లు వేడిని లాగేసుకుంటాయి, కిందకు పోయిన నూనెకు గాలి అందదు, మంట ఆరిపోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ మన దగ్గర చాలా యార్డుల్లో రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి కంకర సందుల్లో మట్టి చేరి, గడ్డి మొలిచి, పార్థీనియం పూస్తుంటుంది. పిట్‌లో వాననీళ్లు నిండి ఉంటాయి. నిండిన పిట్‌లోకి నూనె దిగదు, నీటి మీద తేలుతుంది, అలాగే మండుతుంది. ఎండిన గడ్డి దానికి తోడు.

నార్త్ హైడ్‌లో ఉన్న నీటి వ్యవస్థ పనిచేయడం లేదని మంట రావడానికి ముందే రికార్డుల్లో నమోదై ఉంది. దానికి భిన్నంగా 2022 జులై 19న అమెరికాలో హూవర్ డ్యామ్ దగ్గర ఒక ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటే, పక్క ఊరి ఫైరింజను వచ్చేలోపే డ్యామ్ సొంత సిబ్బంది అరగంటలో ఆర్పేశారు.

మంట ఆరుబయట ఉంటే పోయేది ఎక్కువగా ఆస్తే. భూగర్భంలో అయితే పొగే మనుషుల్ని చంపుతుంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో ఏం జరిగిందో మనకు తెలుసు. ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు, అంతా కొండ లోపల. మంటలు రేగాక సొరంగమంతా పొగ కమ్ముకుంది. తొమ్మిది మంది బయటికి రాలేకపోయారు. ఇలాంటి చోట మంటలార్పే యంత్రం కంటే పొగను బయటికి లాగే ఫ్యాన్లు, చీకట్లో దారి చూపే లైట్లు, ఊపిరి పీల్చుకునే మాస్కులు, రెండో దారి ముందు గుర్తుకు రావాలి.

మండని నూనె కోసం

నూనె వల్లే కదా ఈ గొడవంతా, మండని నూనె పోస్తే పోలా? ఈ ఆలోచన పాతదే. 1930ల నుంచి పీసీబీలు అనే క్లోరిన్ కలిసిన ద్రవాలు వాడారు. నిజంగానే మండవు. భవనాల బేస్‌మెంట్లలో ధైర్యంగా పెట్టారు. 1981 ఫిబ్రవరి 5న న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్‌లో 18 అంతస్తుల ప్రభుత్వ భవనం కింద విద్యుత్ గదిలో చిన్న మంట పుట్టింది. కాసేపట్లో ఆరిపోయింది. కానీ ఆ వేడికి ట్రాన్స్‌ఫార్మర్ లోని పీసీబీ విరిగి డయాక్సిన్లతో కలిసిన మసి గాలి గొట్టాల గుండా అన్ని అంతస్తులకూ పాకింది. ఆ భవనాన్ని కడిగి మళ్లీ తెరవడానికి 13 ఏళ్లు పట్టింది. మండని నూనె మంటకంటే ఎక్కువ నష్టం చేసిన సందర్భం ఇది.

ఇప్పుడు ఆశ ఎస్టర్ల మీద ఉంది. సోయా లాంటి గింజల నూనెల నుంచి చేసిన సహజ ఎస్టర్ల ఫైర్ పాయింట్, అంటే అంటుకున్న మంట నిలబడి మండే వేడి, 300 డిగ్రీల పైనే. జర్మనీలో బ్రుహ్‌సాల్ దగ్గర 420 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌నే కూరగాయల నూనెతో నడిపారు. లీకై నేలలో కలిసినా త్వరగా కుళ్లిపోతాయి. అయితే చిక్కగా ఉంటాయి కాబట్టి కూలింగ్ డిజైన్ మార్చాలి, గాలి తగిలితే పాడవుతాయి, ధర ఎక్కువ. ఒక విషయం మాత్రం మరిచిపోకూడదు. ఎస్టర్ మంటను ఆపుతుంది, పేలుడును కాదు. ఆర్క్ కింద అదీ విరిగి వాయువే అవుతుంది, ట్యాంకు అలాగే ఉబ్బుతుంది. అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రుల బేస్‌మెంట్లకయితే అసలు నూనె లేని డ్రై టైప్ పెట్టడమే మేలు, మన నిబంధనలూ అదే అంటాయి.

ఏళ్ల తరబడి నడిచే గడియారం

ట్యాంకు నెత్తిన కొమ్ముల్లా నిలబడే గోధుమరంగు పింగాణీ గొట్టాలే బుషింగులు. మన సిబ్బంది నోట బుష్షులు. పింగాణీ లోపల నూనెలో నానిన కాగితం పొరలు, మధ్యమధ్య రేకు. లక్షల వోల్టులు ఇనప ట్యాంకుకు జానెడు దూరంలో లోపలికి దిగేది వాటి గుండానే. పైన రబ్బరు సీలు ఎండిపోతే తేమ లోపలికి పాకుతుంది. కాగితం నీటిని ఇష్టంగా పీల్చుకుంటుంది. ఒకరోజు పొరలు చిల్లు పడతాయి, పింగాణీ ముక్కలై ఎగురుతుంది, మూతకు బెజ్జం పడుతుంది, లోపల నూనె, బయట గాలి. ట్రాన్స్‌ఫార్మర్ మంటలకు బుషింగు ఫాల్టే ముఖ్య కారణాల్లో ఒకటని సీగ్రే అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం అధ్యయనాలు చెబుతున్నాయి. స్థూలంగా ఏడాదికి వెయ్యి ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకటి అంటుకుంటుందని వాళ్ల అంచనా. చిన్న అంకెలాగే ఉంటుంది కానీ, నలభై ఏళ్లు నడిచే యంత్రానికి అది నూటికి నాలుగు.

ఈ జబ్బు ముందే తెలుసుకునే దారులున్నాయి. బుషింగుకి టాన్ డెల్టా పరీక్ష చేస్తే కాగితం ఆరోగ్యం తెలుస్తుంది. నిరుటి రీడింగు పక్కన ఈ ఏటిది పెట్టి చూడాలి, ఒక్క రీడింగు ఏమీ చెప్పదు. మెయిన్ ట్యాంకు నూనెలో కరిగిన వాయువుల్ని లెక్కేసే డీజీఏ ఇంకా మాటకారి. హైడ్రోజన్ ఒక్కటే పెరుగుతుంటే సన్నటి డిశ్చార్జి, ఇథిలీన్ పెరిగితే నూనె వేడెక్కుతోంది, కార్బన్ మోనాక్సైడ్ అయితే కాగితం మాడుతోంది, అసిటిలీన్ కనిపిస్తే ఆర్క్. కెనడాలో హైడ్రో క్యుబెక్ శాస్త్రవేత్త మిషెల్ దువాల్ 1970ల్లో గీసిన త్రికోణం మీద మీథేన్, ఇథిలీన్, అసిటిలీన్ పాళ్లను గుర్తుపెట్టి ఏ జబ్బో చెప్పేస్తారు. కన్సర్వేటర్ పీపాకు వేలాడే, లోపలికెళ్లే గాలిని ఆరబెట్టే బ్రీతర్ సీసాలో సిలికాజెల్ నీలంగా ఉందా, గులాబీ రంగుకు తిరిగిందా అన్నది చూడ్డానికి ల్యాబు కూడా అక్కర్లేదు, కళ్లు చాలు. గులాబీ అంటే అది పీల్చగలిగినంత తేమ పీల్చేసింది, ఇక వచ్చే గాలి తడితోనే లోపలికెళుతోంది.

నార్త్ హైడ్‌లో ఈ పరీక్ష జరగలేదని కాదు. జరిగింది, జబ్బు తేలింది, కాగితం మీదికీ ఎక్కింది. ఆ కాగితం పట్టుకుని "ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఆపేయండి" అనేవాళ్లు లేకపోయారు. ఔటేజ్ తీసుకోవాలంటే, అంటే కరెంటు ఆపి యంత్రాన్ని పక్కన పెట్టాలంటే, పది మంది అనుమతులు, ఎండాకాలం లోడు, మార్చాల్సిన బుషింగు నెలల తరబడి రాకపోవడం, ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. పది కొత్త పరికరాల కంటే, ఫలానా రీడింగు దాటితే ఎవరినీ అడక్కుండా యంత్రం ఆపే అధికారం ఒక ఇంజనీరుకు రాసివ్వడం ఎక్కువ రక్షణ అని నా నమ్మకం.

రోడ్డు పక్క డీటీఆర్ సంగతి

ఈ వ్యవస్థలేవీ మన వీధి చివర రెండు స్తంభాల మధ్య ఉండే డీటీఆర్‌కి ఉండవు. దానికి ఫ్యూజులే దిక్కు. అసలు ఫ్యూజు వైరు లేక లావు తీగ చుట్టి కట్టేస్తే అదీ పోయినట్టే. నూనె తక్కువే అయినా మనుషులకు మరీ దగ్గరగా ఉంటుంది. 2017 అక్టోబరు 31న రాజస్థాన్‌లో జైపూర్ జిల్లా ఖాతోలాయీ గ్రామంలో పెళ్లింటి వాళ్లు వెళుతుండగా ట్రాన్స్‌ఫార్మర్ పేలి సలసల కాగే నూనె మీద పడింది. పది మందికి పైగా చనిపోయారు.

కాబట్టి నీడ కోసం దాని కింద బండి పెట్టకండి, ఇస్త్రీ బల్లో, టీ బండో పెట్టనివ్వకండి. ట్యాంకు మీద నూనె కారిన నల్లటి చారలు, బుష్షుల దగ్గర జిడ్డు, మామూలు గుర్ర్ చప్పుడు కాక లోపల టపటపమని మరిగినట్టు చప్పుడు వినిపిస్తే దూరం జరగండి. నీళ్లు చల్లొద్దు, కర్రతో ఏబీ స్విచ్ లాగే సాహసం వద్దు. స్తంభం మీద పెయింటుతో ఎస్‌ఎస్ నంబరు రాసి ఉంటుంది. 1912కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే ఏ ఫీడరు ఆపాలో వాళ్లకు తెలిసిపోతుంది.